మిషను మీద తడి చీర

పోయిన వారం గంగాలమ్మని డాబా మెట్ల చివర నోరు తెరిపించి నిలబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఆవిడ ఏం చూసి నోరు తెరిచిందో చెప్పకుండా ఆపినందుకు మీరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. నా గొడవ నాది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కలు. హార్బరు పక్కన కంపెనీ యార్డు ఉంది. అందులో ఓడలకెక్కించే ఇనుప ఖనిజం రెండు పెద్ద గుట్టలుగా పోసి ఉంటుంది. గాలి తిరిగిందంటే ఆ ఎర్ర దుమ్ము లేచి పక్కనున్న నూకాలమ్మపేట మీద పడుతుంది. పేట ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునే ఇసుక దిబ్బ మీద మరీ పడుతుంది. ఇప్పుడు కంపెనీకి మూడో గుట్ట కావాలి. దానికి ఆ ఇసుక దిబ్బే కావాలి. గాలిలో దుమ్ము ఎక్కువుందని తేలితే మూడో గుట్ట రాదు, ఉన్న గుట్టల మీద నీళ్ళు చల్లాలి, చుట్టూ గోడ కట్టి సరుగుడు చెట్లు వేయాలి. తక్కువని తేలితే దిబ్బ పోతుంది. దిబ్బ పోతే గంగాలమ్మ చేపలు ఎక్కడ ఎండబెట్టాలి, నెత్తి మీదా?

సంగతి తేల్చడానికి ప్రభుత్వం వారు గాలి మిషను ఒకటి తెచ్చి కంపెనీ క్వార్టర్స్‌లో స్టోర్సు గుమాస్తా అచ్యుతరామయ్యగారి డాబా మీద పెట్టారు. మోటారు తిరుగుతుంటే అది గాలి పీలుస్తుంది. లోపల తెల్ల కాగితం ఉంటుంది. గాలిలో ఉన్న దుమ్ము ఆ కాగితానికి పట్టుకోవాలి. లాబ్ నించి భీమశంకరరావు పొద్దున్నే వచ్చి కొత్త కాగితం పెట్టడం, సాయంత్రం వచ్చి తీసుకుపోయి తూకం వేయడం. నెల్లాళ్ళు ఇదే పని. తీరా చూస్తే కాగితాలు దాదాపు పెట్టినంత తెల్లగా వచ్చాయి.

ఇంకేముంది. భీమశంకరరావు కంపెనీకి అమ్ముడుపోయాడని పేటంతా ఒకటే మాట. మీరు మాత్రం తక్కువ తిన్నారా? ఆ మనిషిని చెప్పుతో కొట్టించమని నాకు ఉత్తరాలు రాశారు. అనకాపల్లి నించి ఒకావిడ ఏ కాలి చెప్పుతో కొట్టించాలో కూడా రాసింది. ఆ ఉత్తరాలన్నీ దాచాను. ఈ వారం చదివాక సిగ్గుపడండి.

ఆవాళ మధ్యాహ్నం మూడింటికి క్లబ్బు హాల్లో మీటింగు. హైదరాబాదు నించి ఆఫీసరు దిగాడు. ఆవాళే తేల్చేస్తాడు. ఆ కోపంలో ఉన్న గంగాలమ్మ పొద్దున్న చేపల బుట్ట అచ్యుతరామయ్యగారి గుమ్మం ముందు దించి, ఎవరినీ అడక్కుండా డాబా ఎక్కింది. నెల్లాళ్ళూ తెల్ల కాగితాలు కక్కిన ఆ మిషను మొహం ఒకసారి చూద్దామని ఎక్కింది. మిషను మొహం చూడలేదు. దాని పక్కన దండెం మీద ఆరేసిన చీర చూసింది.

ఒకప్పుడు తెల్ల చీర, ఆకుపచ్చ అంచుది. ఇప్పుడు అంచుకీ చీరకీ తేడా తెలియడం లేదు. మొత్తం తుప్పు రంగు.

గంగాలమ్మ దగ్గరికి వెళ్ళి కొంగు చేత్తో పట్టుకుని వేళ్ళ మధ్య నలిపింది. వేళ్ళకి ఎరుపు అంటింది. ఆ ఎరుపు ఆవిడకి కొత్త కాదు. రోజూ ఎండబెట్టే నెత్తళ్ళ చేపల మీద చూస్తున్నదే.

కింద బుట్ట చూసి, మనిషి కనిపించక, ఇంటావిడ భ్రమరాంబ గబగబా పైకి వచ్చింది. వస్తూనే ఆవిడ చూపు ముందు చీర మీదే పడింది.

"అది ఒదులు గంగాలమ్మా. పాత గుడ్డ."

"ఇది శివరాత్రికి కట్టీ సీర గదా. తెల్లగుండీది. ఇలగైపోనాదేటి?"

"ఒదలమంటున్నానా. ఎవరైనా చూస్తే బావుండదు."

"ఎవులు సూత్తారు? నాను సూసీసినాను గదా."

భ్రమరాంబ సంగతి ఒకటి చెప్పాలి. బందరు నించి ఈ ఊరొచ్చి పదిహేనేళ్ళయింది. పదిహేనేళ్ళుగా ఆవిడ ఈ ఊరి దుమ్ముతో యుద్ధం చేస్తోంది. ఆవిడ ఇంట్లో తలుపు గొళ్ళేలు కూడా తోముతారు. యార్డు వైపు కిటికీకి రోజూ పొద్దున్నే పాత చీర తడిపి కడుతుంది, సాయంత్రం విప్పి జాడిస్తుంది. ఆ గదిలోకి దుమ్ము రాదు. క్వార్టర్స్‌లో మిగతా ఆడవాళ్ళు అది చూసి మొదట నవ్వారు, తర్వాత నేర్చుకున్నారు. ఆ మాట అంటే ఆవిడకి గర్వం. కానీ ఆ పాత చీరలు పరాయివాళ్ళ కంట పడితే మాత్రం చచ్చేంత సిగ్గు.

గంగాలమ్మ కొంగు ఒదల్లేదు. ఇవతల కొస భ్రమరాంబ పట్టుకుంది. ఇద్దరి మధ్యా చీర పరుచుకుంది.

"నిన్న పెందుర్తిలో ఒకామి నా నెత్తల్ని గోటితో గీకి సూసినాది. తుప్పట్టిన మేకులమ్ముతన్నావేటని బుట్టలోకి ఇసిరేసినాది. అదిగో, ఇదే రంగు. ఈ డాబా మీద దుమ్మే నేదని కాయితాలు సెప్పీసినాయి గదా. మరి దుమ్ము నేకపోతే నీ సీరకేటి రోగం?"

"చీరకేం రోగం. మిషనుకి కట్టాను, అంతే."

"మిషనికా?"

"అవును." భ్రమరాంబ మొహంలో సిగ్గు పోయి ఆ గర్వం వచ్చింది. "చుట్టూ దండేలు కట్టి, చీర తడిపి, గూడులాగా వేలాడదీశాను. ఆరిపోతే మళ్ళీ తడిపాను. లేకపోతే ఈ దుమ్ములో అది బతికేదా? వారంలో మూలపడేది. ఆ అబ్బాయి వచ్చే వేళకి తీసేసేదాన్ని. పరాయి మగాడి ముందు చిరిగిన చీర వేలాడితే ఏం మర్యాద?"

గంగాలమ్మ కొంగు వదిలేసింది. అరుస్తుందేమో అనుకుంది భ్రమరాంబ. అరవలేదు. పిట్టగోడకి ఆనుకుని కూలబడిపోయింది.

"ఓలమ్మ," అంది మెల్లగా. "కొంప ముంచీసినావు గదమ్మా."

"నేనేం చేశాను?"

"ఏటి సేసినావా? నా దిబ్బ కంపెనీవోలకి ఇచ్చీసినావు."

భ్రమరాంబకి నిజంగా అర్థం కాలేదు. మీకు అయింది కదా. ఆవిడ తెలివితక్కువదనుకోకండి, నాకు కోపమొస్తుంది. ఇంటికొచ్చిన వస్తువుని భద్రంగా చూడాలన్నది ఒక్కటే ఆవిడకి తెలుసు. ఆ మిషను లోపలికి ఏం పోవాలో, ఎందుకు పోవాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నెల్లాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. భీమశంకరరావు పైకి వచ్చాడు. మీటింగుకి ముందే మిషను విప్పి తీసుకుపోదామని వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి, అమలాపురం వైపువాడు. గంగాలమ్మని చూడగానే రెండు మెట్లు వెనక్కి దిగాడు. దిగడా మరి. ముందురోజు సాయంత్రం పేటలోంచి వెళుతుంటే చేపలు కడిగిన నీళ్ళు కుండెడు తెచ్చి ఆయన నెత్తిన కుమ్మరించింది ఈవిడే. రెండుసార్లు తలంటుకున్నా ఇంకా వాసన పోలేదు.

"రా బాబూ రా," అంది గంగాలమ్మ. "ఈ పాలి నీళ్ళు పొయ్యను. ఆ సీర సూడు."

ఆయన చూశాడు. చీర చూశాడు, ఇన్నాళ్ళూ బట్టలారేసుకునేవే అనుకున్న దండేలు చూశాడు, కింద నేల మీద మిషను చుట్టూ తను పట్టించుకోని ఎర్రటి నీళ్ళ మరకలు చూశాడు. చివరికి భ్రమరాంబ వైపు తిరిగాడు.

"అక్కయ్యగారూ, దీని చుట్టూ ఇది కట్టేవారాండీ?"

"పాడైపోతుందని..."

"రోజూనాండీ?"

"ఒక్కరోజు కూడా మానలేదు."

భీమశంకరరావు పక్కనే ఉన్న బోర్లించిన బాల్చీ మీద కూర్చున్నాడు. చేతిలో స్పానరు కింద పెట్టాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఇద్దరికీ తెలియలేదు. నిజానికి ఆయనకీ తెలియలేదు. నెల్లాళ్ళుగా ఆయన తన తక్కెడని అనుమానించాడు, కాగితాలని అనుమానించాడు, ఆఖరికి తన కళ్ళని అనుమానించాడు.

"మధ్యాహ్నప్పూట ఒక్కసారైనా వచ్చి చూసుండాలండి నేను," అన్నాడు. "ఎండకి బద్ధకించాను. పొద్దున్నా సాయంత్రం వచ్చిపోతే చాలనుకున్నానండి."

"ఇప్పుడేమైంది చెప్పవయ్యా," అంది భ్రమరాంబ.

"దుమ్ము కాగితానికి పట్టాలండి. మీ చీరకి పట్టింది. అంతేనండి అయింది."

భ్రమరాంబ చీర వంక చూసింది. అప్పటిదాకా అది ఆవిడకి ఉతికినా పోని మరక మాత్రమే. చింతపండు పెట్టింది, నిమ్మకాయ రుద్దింది, ఎండలో పడేసింది. పోలేదని విసుక్కుంది. ఇప్పుడు చేతిలో ఉన్న కొస వదిలేసింది.

"మరి సీర పట్టీసినాది గదా బాబూ," అంది గంగాలమ్మ. "ఇది సూపిత్తే సాలదా?"

"చూపించాలండి. కానీ ఒకటుందండి. చీరకి పట్టిన దుమ్ము మీ చేపల మీదా కనిపిస్తుంది. అది తుడుచుకోవచ్చు, దులుపుకోవచ్చు. అంతకన్నా సన్నంది ఇంకోటుందండి. కంటికానదు. కింద పడదు, గాల్లోనే తేలుతుంటుంది. ముక్కులో ఆగదు, దగ్గితే రాదు. ఊపిరితిత్తుల అడుక్కి పోయి కూచుంటుందండి. ఈ మిషను వెతికేది దాన్ని కూడానండి."

గంగాలమ్మ పేట వైపు చూసింది.

"మా తమ్ముడు ఎల్లాజీ రాత్రంతా దగ్గుతన్నాడు. బీడీ ఒగ్గీమన్నాను. ఒగ్గీసినాడు. దగ్గు ఒగ్గలేదు." ఆపి, తల దించుకుంది. "బాబూ, నిన్న నిన్ను నోటికొచ్చినట్టు అనీసినాను. తప్పైపోనాది."

"పర్లేదండి. వాసన పోతే చాలండి," అన్నాడు భీమశంకరరావు. అని, భ్రమరాంబ వైపు తిరిగాడు. "అక్కయ్యగారూ, ఇది మీకు తోచి చేశారా, ఎవరైనా చెప్పారా అండీ?"

"నాకే తోచింది," అంది భ్రమరాంబ. ఒక్క క్షణం ఆగి, "అంటే, సూర్యకాంతమ్మగారు అన్నారు," అంది.

సూర్యకాంతమ్మ యార్డు మేనేజరు శ్రీరామ్మూర్తి భార్య. మిషను పెట్టిన మర్నాడే పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చింది. అంత పెద్దావిడ తన గుమ్మం తొక్కిందని భ్రమరాంబ ఆవాళ మురిసిపోయి కాఫీలో పంచదార రెండుసార్లు వేసింది. ఆవిడ ఆ తీపి కాఫీ తాగుతూ అన్న మాటలు భ్రమరాంబకి అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. అవే చెప్పింది.

"గవర్నమెంటు మిషనట భ్రమరాంబగారూ, లోపలికి దుమ్ము పోతే పాడైపోతుందట. పాడైతే ఎవరి డాబా మీద ఉందో వాళ్ళ మీదకే వస్తుందట. మీరు కిటికీకి తడి చీర కడతారు చూడండి, ఆ తెలివేదో దానిక్కూడా వాడండి అన్నారు."

"లోపలికి దుమ్ము పోడానికే గదండీ దాన్ని పెట్టింది," అన్నాడు భీమశంకరరావు.

ఆయన పిట్టగోడ మీంచి యార్డు వైపు చూశాడు. యార్డులో యంత్రాలు తిరుగుతున్న మోత వినిపిస్తోంది. తెల్లవారుజామునే ఓడ వచ్చింది. ఓడ వచ్చిందంటే అది నిండేదాకా యార్డు ఆగదు. గుట్ట మీంచి ఎర్రటి పొగలాంటిది లేచి మెల్లగా పేట వైపు తిరుగుతోంది.

"మీరొచ్చి మీటింగులో చెప్పాలండి," అన్నాడు ఆయన. "నేను చెబితే నమ్మరు. ఆ కాగితాల మీద సంతకాలన్నీ నావేనండి."

"నేనా? ఆ మగాళ్ళందరిలోనా?"

"నువ్వే," అంది గంగాలమ్మ. "నీ సీర, నీ నోరు."

"మా ఆయన వాళ్ళ దగ్గర పనిచేస్తున్నారే."

"నాకు తెల్దేటి? నాను నీ మొగుడి ఉజ్జోగం తియ్యమంటన్నానా? నాది దిబ్బ. ఆ దిబ్బ మీద మాయమ్మ ఎండేసినాది, మాయమ్మమ్మ ఎండేసినాది. సాయంత్రానికి అది ఉంటాదో ఉండదో నీ నోట్లో ఉన్నాది."

గంగాలమ్మ దిగి వెళ్ళిపోయింది. బుట్ట ఎత్తుకునేటప్పుడు రోజూ "ఎత్తమ్మా" అని పిలిచేది. ఆవాళ పిలవలేదు, తనే ఎత్తుకుంది. భ్రమరాంబకి అది బాగా తగిలింది.

అచ్యుతరామయ్య పన్నెండున్నరకి భోజనానికి వచ్చాడు. నెమ్మదైన మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, అన్నం తింటూ దగ్గు వస్తే దానికి కూడా మొహం పక్కకి తిప్పుకుని మర్యాదగా దగ్గుతాడు. ఆవిడ పప్పు వడ్డించి, నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ఆశ్చర్యపడలేదు. "అయ్యో" అనలేదు. ఆవిడకి అప్పుడు అనుమానం వచ్చింది.

"మీకు తెలుసా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"మిమ్మల్నే. తెలుసా?"

"అన్నం తిననీ."

"తిందురుగాని. తెలుసో తెలియదో ఒక్క మాట చెప్పి తినండి."

"తెలుసు," అన్నాడు అచ్యుతరామయ్య. పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు. "మిషను ఎవరింటి మీద పెట్టాలా అన్నప్పుడు శ్రీరామ్మూర్తిగారు నన్ను పిలిచారు. మీ ఇంట్లో అయితే భద్రంగా ఉంటుందయ్యా, మీ ఆవిడ శుభ్రత సంగతి మా ఇంట్లో ఎప్పుడూ చెబుతుంటుంది అని నవ్వారు. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు. నువ్వు చీర కట్టిన రోజు అర్థమైంది."

"అర్థమై?"

"ఊరుకున్నాను."

"నేను నెల్లాళ్ళు నడుము పడిపోయేలా బాల్చీలు మోసి ఆ డాబా ఎక్కాను. మీరు కింద పేపరు చదువుకుంటూ ఊరుకున్నారు."

"ఏం చెయ్యమంటావు? నేను చెబితే ఈ ఇల్లుంటుందా? ఈ క్వార్టరు వాళ్ళది. రేపు పొమ్మంటే ఎక్కడికి పోతాం, మళ్ళీ బందరా?"

భ్రమరాంబ ఏడ్చింది. ఇల్లు పోతుందని కాదు. పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో ఆవిడకి పేరంటూ ఉంటే అది శుభ్రతకే ఉంది. ఆ మంచిపేరుని పట్టుకుని వాళ్ళు ఒక పనిముట్టులా వాడుకున్నారు, మొగుడు చూస్తూ ఊరుకున్నాడు. కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆయనకి మజ్జిగ పోసింది. కోపమొచ్చిందని అన్నం దగ్గర మజ్జిగ ఎగ్గొట్టే మనిషి కాదు.

"నేను మీటింగుకి వెళుతున్నాను," అంది.

ఆవిడ డాబా మీంచి ఆ ఎర్ర చీర తెచ్చి మడతపెట్టి గుడ్డ సంచీలో పెట్టింది. సంచీ ముందుగదిలో కుర్చీకి తగిలించి స్నానానికి వెళ్ళింది. వచ్చేసరికి ఆయన మీటింగు పనులున్నాయని వెళ్ళిపోయాడు. సంచీ కుర్చీకి అలాగే వేలాడుతోంది.

క్లబ్బు హాలు నిండిపోయింది. ఎండని చెప్పి యార్డు వైపు కిటికీలన్నీ మూసేశారు. ఫాన్లు తిరుగుతున్నాయి. పేటవాళ్ళు వెనక నిలబడ్డారు, కంపెనీవాళ్ళు ముందు కూర్చున్నారు. బల్ల దగ్గర హైదరాబాదు ఆఫీసరు, పక్కన శ్రీరామ్మూర్తి, ఆ పక్కన మాటలు రాసుకోడానికి అచ్యుతరామయ్య. ముందు వరసలో సూర్యకాంతమ్మ పక్క కుర్చీ మీద చేతిరుమాలు వేసి ఉంచింది. భ్రమరాంబని గుమ్మంలో చూడగానే రుమాలు తీసి, "రండి రండి, మీకోసమే ఆపాను," అంది. భ్రమరాంబ ఆ కుర్చీ దాటి వెళ్ళి గోడవార నిలబడింది.

శ్రీరామ్మూర్తి తెల్ల కాగితం ఒకటి పైకెత్తి అందరికీ చూపించాడు.

"చూడండి సార్. మా స్టాఫ్ క్వార్టర్స్ మీద, యార్డుకి ఎదురుగా. ఇంతకన్నా తెల్లగా మా ఇంట్లో దుప్పట్లు కూడా ఉండవు."

ముందు వరసలు నవ్వాయి. భీమశంకరరావు లేచి, ఆ కాగితాలు చెల్లవని, మిషను చుట్టూ తడిగుడ్డ కట్టారని చెప్పబోయాడు.

"నిన్నటిదాకా సంతకాలు పెట్టింది నువ్వే కదయ్యా," అన్నాడు శ్రీరామ్మూర్తి. "చేపల నీళ్ళు పోశాక మాట మారిందా?"

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. వెనక నించి ఎల్లాజీ దగ్గు తప్ప పేటవాళ్ళ వైపు నించి చప్పుడు లేదు. ఆఫీసరు కలం తీశాడు.

"కట్టింది నేనండి," అంది భ్రమరాంబ.

హాలంతా ఇటు తిరిగింది. బల్ల దగ్గరికి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు.

"నేను ఆ ఇంటిదాన్ని. మిషను చుట్టూ రోజూ తడి చీర కట్టాను. నాకు తెలియక కట్టాను, తెలిసినవాళ్ళు కట్టించారు. మీ కాగితానికి పట్టాల్సిన దుమ్మంతా దీనికి పట్టింది. చూడండి."

సంచీలో చెయ్యి పెట్టి చీర తీసి బల్ల మీద పరిచింది.

తెల్ల చీర. గంజిపెట్టి ఇస్త్రీ చేసింది, ఆకుపచ్చ అంచుది. అదే అంచుతో ఆవిడ పెట్టెలో అడుగున ఉండే కొత్త చీర. దాని మీద మరక కాదు కదా, మడత కూడా నలగలేదు.

ముందు సూర్యకాంతమ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. భ్రమరాంబ అప్పుడు మొగుడి వైపు చూసింది. అచ్యుతరామయ్య కాగితం మీద ఏమీ రాయకుండా కలం కదుపుతున్నాడు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ పెట్టె తెరిచింది అదే మొదటిసారి.

"అమ్మా, మీరు కూర్చోండి," అన్నాడు ఆఫీసరు, కాస్త జాలిగానే.

వెనక నించి గంగాలమ్మ చూపు వీపుకి తగులుతున్నట్టే ఉంది. భ్రమరాంబకి పారిపోవాలనిపించింది. చీర చేతిలోకి తీసుకుంది. మడతపెట్టబోయింది. దాని తెలుపు చూసి ఆగిపోయింది.

హాలు మూల మంచినీళ్ళ కాగు ఉంది. ఆవిడ నేరుగా అక్కడికి వెళ్ళి మూత తీసి, ఆ కొత్త చీరని జనం తాగే నీళ్ళలో ముంచేసింది. గ్లాసు అంచుకి పెదవి తగిలితే మళ్ళీ తోమించే మనిషి ఆవిడ. పిండి, నీళ్ళు కారుతున్న చీర భుజాన వేసుకుని యార్డు వైపు కిటికీ దగ్గరికి నడిచింది. గొళ్ళెం లాగి రెండు రెక్కలూ లోపలికి తెరిచింది. గాలి ఒక్కసారిగా వచ్చి బల్ల మీద కాగితాలు లేపింది. చీర రెండు కొసలూ ఊచలకి కట్టింది. ఆ ముడులు వేయడం ఆవిడ చేతులకి కళ్ళు మూసుకున్నా వచ్చు.

"యార్డులో ఓడ నిండుతోందట," అంది. "మీరు సంతకం పెట్టే ముందు ఒక్క గంట ఇక్కడే కూర్చుని దీన్ని చూడండి. తెల్లగా ఉంటే నేను అబద్ధమాడానని రాసుకోండి."

ఆఫీసరు కలం మూత పెట్టాడు. ఆ మూత చప్పుడు శ్రీరామ్మూర్తికి బాగా వినిపించింది.

"ఇదేం నాటకం," అన్నాడు. నవ్వాలని చూశాడు గానీ నవ్వు రాలేదు. "అచ్యుతరామయ్యా, ఆ కిటికీ మూసెయ్యి. మీ ఆవిడని ఇంటికి తీసుకుపో."

అచ్యుతరామయ్య లేచాడు. హాలు మధ్య నించి నడుస్తుంటే దగ్గు వచ్చింది. ఆగి, మొహం పక్కకి తిప్పుకుని దగ్గి, మళ్ళీ నడిచాడు. భ్రమరాంబ తప్పుకోలేదు, అడ్డమూ రాలేదు. ఆయన ఆవిడ పక్కగా వెళ్ళి కిటికీ రెక్క మీద చెయ్యి వేశాడు.

చీర ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. అంత దగ్గరగా ఉండబట్టి, హాల్లో ఇంకెవరికీ తెలియనిది ఆయనొక్కడికే కనిపించింది. ఆకుపచ్చ అంచుకి పైన, తడి తెలుపు మీద, సన్నగా ఎరుపు దిగుతోంది.

"మూసెయ్యమన్నానా," అన్నాడు వెనక నించి శ్రీరామ్మూర్తి.

అచ్యుతరామయ్య చెయ్యి ఇంకా రెక్క మీదే ఉంది.